డ్రైవర్ చూపును కొలిచారు

లండన్‌లో సిగ్నల్ దగ్గర ఆగిన టిప్పర్‌కు ఎడమ పక్కన ఒక సైకిల్ వచ్చి నిలబడుతుంది. పచ్చలైటు పడగానే టిప్పర్ ఎడమకు మళ్లుతుంది, సైకిల్ నేరుగా కదులుతుంది. ఎత్తయిన క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవర్‌కు తలుపు దిగువనున్న మనిషి కనిపించడు. 2015–17 మధ్య ఆ నగరంలో వాహనాలు తిరిగిన దూరంలో భారీ లారీలది 4 శాతమే. సైకిలిస్టులు చనిపోయిన ప్రమాదాల్లో మాత్రం 63 శాతం వాటితో ముడిపడ్డవే.

దీనికి మొదట వాడిన మందు అద్దం. లారీ ముక్కు కింద నేలను చూపే అద్దాన్ని కూడా యూరప్ 2003 నాటి నిబంధనతో తప్పనిసరి చేసింది. అలా క్యాబిన్‌కు ఆరు అద్దాలయ్యాయి. మలుపు తిరిగే ఆ రెండు క్షణాల్లో అన్నిటినీ చూడటం ఎవరి తరం? పైగా ఉబ్బెత్తు అద్దంలో మనిషి చిన్నగా, వంకరగా కనిపిస్తాడు. లండన్ రవాణా సంస్థ చేయించిన పరిశోధనలో, కిటికీలోంచి నేరుగా చూసినప్పటి కంటే అద్దంలో చూసినప్పుడు డ్రైవర్ స్పందన సగటున 0.7 సెకను ఆలస్యమవుతోందని తేలింది. గంటకు 15 మైళ్ల వేగంలో ఆలోపే లారీ 4.7 మీటర్లు దూసుకుపోతుంది.

అందుకే అద్దాల సంగతి పక్కనపెట్టి, డ్రైవర్‌కు కంటితో నేరుగా ఎంత కనిపిస్తోందో తేల్చాలనుకున్నారు. చూపు ఆనని లారీలను నగరంలోకి రానివ్వబోమని మేయర్ సాదిక్ ఖాన్ 2016లో ప్రకటించారు. మరి చూపును కొలిచేదెలా? లఫ్‌బరో విశ్వవిద్యాలయ డిజైన్ నిపుణులు లారీల త్రీడీ నమూనాలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. డ్యాష్‌బోర్డు, తలుపు అంచు, అద్దాల చట్రాలు అడ్డుపోగా, డ్రైవర్ కన్నుండే చోటి నుంచి చుట్టూ ఎంత మేర కనిపిస్తోందో లెక్కగట్టారు. క్యాబిన్ చుట్టూ పొట్టి మహిళ బొమ్మలు నిలబెట్టి, తల, భుజాలు ఎంత దగ్గరి దాకా కనిపిస్తాయో చూశారు. దాన్నిబట్టి సున్నా నుంచి ఐదు దాకా స్టార్లు ఇచ్చారు.

అదే క్యాబిన్‌ను ఇంకొంచెం ఎత్తున బిగిస్తే స్టార్లు తగ్గిపోయాయి. గుంతల దారుల కోసం ఎత్తు పెంచిన టిప్పర్లు వెనకబడ్డాయి. కార్మికులు మాటిమాటికీ ఎక్కి దిగేందుకు క్యాబిన్ కిందికి దించి, పెద్ద గాజు తలుపులు పెట్టిన చెత్త లారీలు పైకొచ్చాయి.

12 టన్నులు దాటిన లారీలు లండన్‌లో తిరగాలంటే 2021 మార్చి 1 నుంచి పర్మిట్ తప్పనిసరైంది. 2024 అక్టోబరు 28 నుంచి ఆ పర్మిట్‌కు కనీసం మూడు స్టార్లుండాలి, లేదంటే పక్కనున్న మనిషిని పసిగట్టే సెన్సర్లు, కెమెరాలు బిగించాలి. మన దగ్గరా డ్రైవర్ సీటు కుడివైపే కాబట్టి, కనపడనిది ఎడమ పక్కే. ఇక్కడ తలుపు మీద చరిచి క్లీనర్ చేసే హెచ్చరికను లండన్‌లో సెన్సర్‌కు అప్పగించారన్నమాట. లండన్‌లో లారీ కొనేవాళ్లు ఇప్పుడు ఎన్ని టన్నులు మోస్తుందనే కాక, ఎన్ని స్టార్లున్నాయనీ అడగాల్సిందే.