కజిన్స్ సర్దిన ఇల్లు

మా పలమనేరు సముద్రమట్టానికి 2,247 అడుగుల ఎత్తున ఉంది. నీలగిరి కొండలకు దారి పడకముందు మద్రాసు దొరలు ఎండలకు తాళలేక ఇక్కడికే వచ్చేవాళ్లు. ఇదే చల్లగాలి పుంగనూరు దాటి మదనపల్లె దాకా ఉంటుంది. 1915లో అనీబిసెంట్ అక్కడ కాలేజీ పెట్టారు. అందులో పనిచేయడానికి వచ్చిన ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్.

1919 ఫిబ్రవరిలో ఠాగూర్ ఆ కాలేజీలో బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చారు. కజిన్స్ భార్య మార్గరెట్ స్వరాలు రాశారు. ఈ సంగతి మా వైపు బడిపిల్లలు కూడా చెబుతారు. కజిన్స్ చేసిన ఇంకో పెద్దపని మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియాన్ని తొలిసారి అమర్చింది ఆయనే.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు. నిజాం దగ్గర ప్రధానిగా ఉన్నది కొద్దికాలమే, 1912 నుంచి 1914 దాకా. ఆ తర్వాత జీవితమంతా వస్తువులు సేకరించడానికే పెట్టారు. 1949 మార్చి 2న ఆయన పోయేనాటికి అవన్నీ వేర్వేరు మహళ్లలో చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి సర్దే పనిని ప్రభుత్వం కజిన్స్‌కు అప్పగించింది. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో, తిరువనంతపురం శ్రీచిత్రాలయంలో చిత్రశాలలు నిలబెట్టిన అనుభవం ఆయనది. అప్పటికి డెబ్బై అయిదేళ్లు దాటాయి. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ మ్యూజియాన్ని ప్రారంభించారు. ఎక్కడనుకున్నారు? సాలార్‌జంగుల సొంత ఇల్లు దివాన్ దేవిడీలోనే.

నా మనసంతా ఆ తొలి రూపం మీదే. వస్తువులు ఏరుకున్న మనిషి ఇంట్లోనే, ఆయన తిరిగిన గదుల్లోనే వాటిని చూడగలిగిన రోజులవి. 1968లో అన్నీ మూసీ ఒడ్డున కొత్త భవనానికి తరలాయి. జనం పెరిగారు, వస్తువులకు భద్రత కావాలి. ఆ తరలింపును తప్పుపట్టలేను. కానీ గడియారాలు ఒక గదికి, దంతపు పనులు ఇంకో గదికి వెళ్లిపోయాక ఇంటి పొందిక పోయింది. టిప్పుకు ఫ్రాన్సు రాజు పంపాడని చెప్పే దంతపు కుర్చీలు అక్కడ ఉన్నాయి. టిప్పు తండ్రి హైదరలీ 1782లో కన్నుమూసింది మా చిత్తూరు దగ్గరే కాబట్టి, ఆ కుర్చీల ముందు మావాళ్లు కాసేపు ఎక్కువ నిలబడాలి.

లండన్‌లో జాన్ సోన్ అనే వాస్తుశిల్పి తన ఇంటిని ఉన్నది ఉన్నట్టు ఉంచాలని 1833లోనే పార్లమెంటు చేత చట్టం చేయించుకున్నాడు. పై అంతస్తులో ఆయన పడకగదిని కూడా మళ్లీ అమర్చి 2015లో జనానికి తెరిచారు. నిద్రలేవగానే ఆ మనిషి కంటికి ఏం కనబడాలనుకున్నాడో అలాంటి గదే చెప్పగలదు. దివాన్ దేవిడీలో మనకు ఆ భాగ్యం లేదు.

కజిన్స్ 1956లో మదనపల్లెలోనే పోయారు. అక్కడి కాలేజీలో ఠాగూర్ బస చేసిన ఆల్కాట్ బంగళాలోనైనా ఒక గదిని ఆనాటి మంచం, బల్లలతో అమర్చాలి. మార్గరెట్ రాసిన స్వరాల నకలు గోడకు పెట్టాలి, పక్కనే దివాన్ దేవిడీ కథ తెలుగులో రాసి ఉంచాలి.