ధనిక దేశమున బీదల లెక్క

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1973వ సంవత్సరమున నూటికి 11.1 మంది బీదలని ఆ దేశపు ప్రభుత్వము లెక్క తేల్చెను. ఏబది యేండ్లు గడచిన పిమ్మట 2023వ సంవత్సరమునకు తేలిన లెక్కయు నూటికి 11.1 మందియే. ఈ నడుమ ఆ దేశపు సంపద ఎంతయో పెరిగినది. బీదల తిండికిని, వైద్యమునకును, ఇంటి అద్దెలకును ప్రభుత్వము వెచ్చించిన ధనము అపారము. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి ఆ ధనమంతయు బూడిదలో పోసిన పన్నీరైనదని తోచుట సహజము. పలువురట్లే తలంచిరి, తలంచుటయే కాక బీదలకు చేయు సాయమును తగ్గింపవలయునని వాదించిరి. కావున ఆ యంకె యెట్లు పుట్టినదో, దేనిని లెక్కించుచున్నదో, దేనిని విడిచిపెట్టుచున్నదో విచారించుట యవసరమని మాకు తోచినది. మన బిడ్డలనేకులు నేడా దేశమున కాపురమున్నారు. దాని సిరిని గూర్చిన వార్తలు మన యిండ్లకు చేరినంతగా దాని లేమిని గూర్చిన వార్తలు చేరుట లేదు.

1964 జనవరిలో దేశాధ్యక్షుడు లిండన్ జాన్సన్ బీదఱికముపై యుద్ధము ప్రకటించెను. శత్రుబలమెంతయో తెలియక యుద్ధమెట్లు సాగును? బీదయనగా నెవడో నిర్ణయించిన శాసనము నాటికి లేదు. అధ్యక్షుని ఆర్థిక సలహాదారులు ఏటికి 3,000 డాలరులకు తక్కువ రాబడిగల ప్రతి కుటుంబమును బీద కుటుంబమనిరి. ఇద్దఱు వృద్ధులున్న యింటికిని, ఆరుగురు పిల్లలున్న యింటికిని అదియే గీత. వండి వడ్డించు ఏ యిల్లాలికైనను ఇందలి లోపము క్షణములో తెలియును.

ఈ లోపమును సవరించినది మాలీ ఆర్షాన్‌స్కీ యను విదుషి. ఉక్రెయిను నుండి వలసవచ్చిన తల్లిదండ్రులకు 1915లో న్యూయార్కు నగరమున జన్మించి, లేమిలో పెరిగి, వ్యవసాయ శాఖలోను, పిదప సాంఘిక భద్రతా శాఖలోను ఆమె ఉద్యోగము చేసెను. మువ్వురు గాని, అంతకు మించి గాని జనమున్న కుటుంబములు, పన్నులు పోగా మిగిలిన రాబడిలో సుమారు మూడవ వంతును తిండికి వెచ్చించుచున్నవని 1955లో జరిగిన విచారణ వలన తేలియుండెను. వ్యవసాయ శాఖవారు మిక్కిలి చౌకయైన తిండి పట్టిక నొకదానిని సిద్ధపఱచియుండిరి. చేతిలో ధనము కొఱవడినప్పుడు కొంతకాలము గడుపుకొనుటకే అది యుద్దేశింపబడినది. ఏండ్ల తరబడి తినుటకు గాదు. ఆమె యీ పట్టిక వెలను కుటుంబపు పరిమాణమును బట్టి, పిల్లల సంఖ్యను బట్టి వేఱువేఱుగా కట్టి, మూడుచేత హెచ్చించి గీతలు గీచెను. 1963వ సంవత్సరమున నలుగురున్న కుటుంబమునకు ఆ గీత సుమారు 3,100 డాలరులు. అంతకు తక్కువైనచో ఆ యింట లోటు తప్పదని ఆమె యభిప్రాయము. అంత యున్న చాలునని ఆమె చెప్పలేదు. ఆమె వ్యాసము 1965 జనవరిలో వెలువడెను. 1969లో ప్రభుత్వము ఆ గీతలనే తన శాఖలన్నిటికిని ప్రమాణముగా నిలిపెను.

ఇట్టి పద్ధతి మనవారికి అపరిచితము గాదు. దాదాభాయి నౌరోజీ పందొమ్మిదవ శతాబ్దమున, చెఱసాలలలో ఖైదీలకు పెట్టు తిండికిని బట్టలకును అగు వెలను కట్టి, దేశమున పండినదంతయు ప్రజలకు సమముగా పంచినను వారికి ఆ పాటి బ్రతుకైనను దక్కదని చూపియుండెను. కొలత చిన్నదైనను సత్యమును బయలుపఱచుటకు చాలును. కాని నౌరోజీ కొలత ఒక కాలపు వాదమునకు పుట్టినది. ఆర్షాన్‌స్కీ కొలత శాసనమై, తరములు మారినను మాఱక నిలిచినది. ధరలు పెరిగిన కొలది గీతను పెంచుటయే గాని, గీత వెనుకనున్న లెక్కను తిరిగి వేయలేదు.

ఈ నిలుకడలో ఒక గుణము లేకపోలేదు. ఏటికొక గజముతో కొలిచినచో గుడ్డ పెరిగినదో తఱిగినదో తెలియదు గదా! 1959లో నూటికి 22.4 గా నుండిన బీదల సంఖ్య 1973 నాటికి 11.1 కి దిగినదని మనము నమ్మకముతో చెప్పగలుగుట ఈ నిలుకడ వలననే. అయినను బ్రతుకు తీరు మాఱినప్పుడు మాఱని కొలత రెండు విధముల తప్పు దారి పట్టించును.

మొదటిది, గీత క్రిందికి జాఱిపోవుట. ఇటీవలి కాలమున ఆ దేశపు కుటుంబములు తమ వ్యయములో సుమారు ఎనిమిదవ వంతునే తిండికి వెచ్చించుచున్నవి. అద్దె, మందులు, పనికి పోవు తల్లి తన బిడ్డను కనిపెట్టి యుండువారికిచ్చు వేతనము మిగిలిన రాబడిని మ్రింగుచున్నవి. తిండి వెలను మూడింతలు చేసిన పాత లెక్కలో వీనికి తగిన చోటు లేదు.

రెండవది మఱింత ముఖ్యము. పాత లెక్క పన్నులు తీయక పూర్వము చేతికందిన నగదునే రాబడిగా నెంచును. 1965లో ఇది యంత దోషము గాదు. ఏలయన నాడు సాయము ముఖ్యముగా నగదు రూపముననే యుండెను. తరువాత సాయము రూపు మాఱినది. 1964 నాటి చట్టముతో స్థిరపడిన తిండి చీటులు విస్తరించినవి. 1975 నుండి కొద్దిపాటి వేతనము గల శ్రామికులకు పన్నుల ద్వారమున ధనము తిరిగి యిచ్చు పద్ధతి యేర్పడినది. అద్దె సాయములు పెరిగినవి. ఇవి యేవియు లెక్కలోనికి రావు. గాదెలో పోసిన వడ్లను విడిచి, పెట్టెలోని రూకలను మాత్రమే యెంచి, యీ యింట తిండికి లేదని నిశ్చయించినట్లున్నది.

పింఛను నగదు గనుక ఈ లెక్కకు కనబడును. అందుచేత 1959లో నూటికి 35.2 మంది వృద్ధులు బీదలై యుండగా, 2023లో 9.7 మంది మాత్రమే యని యీ లెక్కయే చూపుచున్నది. బిడ్డల నోటికందిన తిండి చీటి దీనికి కనబడదు. అట్టి సాక్షి పలుకును నమ్మియే తీర్పులు జరిగినవి. 1988లో అధ్యక్షుడు రీగన్, దేశము బీదఱికముపై చేసిన యుద్ధమున బీదఱికమే గెలిచినదని శాసనసభల యెదుట పలికెను.

జాతీయ విజ్ఞాన పరిషత్తు నియమించిన పండితులు 1995లో క్రొత్త కొలతకు దారి చూపిరి. 2011 నుండి జనగణన శాఖ పాత లెక్కతోబాటు రెండవ లెక్కను గూడ ప్రకటించుచున్నది. ఇది తిండి చీటులను, అద్దె సాయమును, పన్నుల ద్వారమున తిరిగివచ్చు ధనమును రాబడిలో చేర్చును. పన్నులను, వైద్య వ్యయమును, పనికి పోవుటకగు ఖర్చును తీసివేయును. ఇది సాయమును పొగడుటకై కల్పించినది గాదు. మందుల ఖర్చు తీసివేయుట వలన 2023లో బీదలైన వృద్ధులు నూటికి 14.2 మందియని ఈ లెక్క చెప్పినది.

కొలంబియా విశ్వవిద్యాలయపు పండితులు 2012 నాటి యవసరములను స్థిరముగా నుంచి, ఈ కొలతనే వెనుకటి యేండ్లకు అన్వయించి 2013లో తమ ఫలితములను వెల్లడించిరి. 1967లో నూటికి 26 గా నుండిన బీదఱికము 2012 నాటికి 16 కి తగ్గినదనియు, సర్కారు సాయమును లెక్క నుండి తీసివేసినచో తగ్గుదలయే కానరాదనియు తేలినది. బూడిదలో పోసినదనుకొన్న పన్నీరు నిజమునకు మొక్కకే చేరినది.

ఇటీవలి యుదాహరణము మఱియొకటి గలదు. 2021లో ప్రభుత్వము పిల్లలున్న కుటుంబములకు ఒక్క యేడు మాత్రము పన్ను రాయితీని పెంచి, అందు సగమును జూలై మొదలు డిసెంబరు వఱకు నెలనెలా చేతికిచ్చినది. ఆ యేట, రెండవ లెక్క ప్రకారము, నూటికి 5.2 మంది పిల్లలే బీదలు. ఆ సాయములు ముగిసిన 2022లో ఆ సంఖ్య 12.4 కి ఎగసెను. అదే కాలమున పాత లెక్క 15.3 నుండి 15.0 కి తగ్గుదలను చూపినది! లక్షల బిడ్డల యిండ్లలోనికి వచ్చి, మరల వెడలిపోయిన మేలును ఆ పాత కొలత గుర్తింపనే లేదు.

ఇందుకు ఆర్షాన్‌స్కీని దూషించుట న్యాయము గాదు. 2006లో మరణించిన ఆమె తన లెక్క సవరింపవలసినదని తానే చెప్పియుండెను. సవరింపనిది పాలకులు. గీతను పైకి జరిపినచో తమ యేలుబడిలో బీదలు పెరిగినట్లు కనబడునని జంకు పాలకుడు ఏ దేశమున లేడు?

మన దేశమునను 1979లో గ్రామములకు 2,400, పట్టణములకు 2,100 కేలరీల తిండి నాధారముగా చేసికొని బీదఱికపు గీతను గీచిరి. అప్పటి నుండి పండిత సంఘములు దానిని పలుమాఱులు మార్చినవి. మార్చిన ప్రతిసారియు బీదల సంఖ్య మాఱినది. కావున పత్రికలలో బీదలు తగ్గిరనియో, తగ్గలేదనియో చదివినప్పుడు మన యింటి స్త్రీపురుషులు మూడు ప్రశ్నలు వేయుట యలవాటు చేసికొనవలయును. గీత ఏ నాటి బ్రతుకును బట్టి గీచినది? రాబడిలో దేనిని చేర్చిరి? ఏ ఖర్చును మఱచిరి? ఇవి యడుగుటకు గొప్ప గణితము అక్కఱలేదు. నెల చివర యింటి పద్దు వ్రాసికొను ఓపిక యున్న చాలును.