ఉద్దానంలో ఊరి కబుర్లు

శ్రీకాకుళం జిల్లాలో పలాస దాటి ఇచ్ఛాపురం వైపు, సముద్రం వెంబడి పరుచుకున్న కొబ్బరి, జీడి, పనస తోటల సీమను ఉద్దానం అంటారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలాల పల్లెలు ఇందులోవే. జీడి పిక్కల ధర, వలస వెళ్ళినవారి క్షేమం, పక్కింటివారి జబ్బు: ఈ మూడింటి చుట్టూనే ఇక్కడి ఇరుగుపొరుగు మాటలు ఎక్కువగా తిరుగుతాయి.

19వ శతాబ్దంలో ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఊరంతటికీ తెలియాల్సింది డప్పు చాటింపుతో తెలిసేది, మిగతాది సంతలో. బర్మాకు కూలికి వెళ్ళినవాళ్ళ కబురు, అంటే ‘రంగం’ కబురు, తిరిగొచ్చిన మనిషి నోట వినాల్సిందే. అదే కాలంలో అమెరికా పల్లెల్లో ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరి పంట ఎలా ఉందో ఊరి విలేకరులు రాస్తే వారపత్రికలు అచ్చువేసేవి. తెలుగులో ఆ పని పెద్దయెత్తున మొదలవడానికి చాలాకాలం పట్టింది. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చాక మండలం వార్తకూ అచ్చులో చోటు దొరికింది.

అయినా పిక్కల ధర నోటిమాటగానే ముందు నడుస్తుంది. వేసవిలో జీడి పంట చేతికొచ్చేసరికి 80 కిలోల బస్తాకు వ్యాపారులు ఎంత ఇస్తున్నారన్నదే ఊరూరా ప్రశ్న. పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలకు ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు దిగుమతి అవుతాయి. అందువల్ల అక్కడి పంట సంగతి కూడా ఇక్కడి రైతుకు ఇంటి సంగతే. పిక్కలు కొట్టి, పప్పు పొట్టు తీసే పనివాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఒకేచోట గంటల తరబడి కూర్చుని చేసే పని కాబట్టి పెళ్ళి సంబంధాలూ, కూలి రేట్లూ, అప్పుల సంగతులూ అక్కడే చేతులు మారతాయి. ఊరి కబుర్లకు వీళ్ళకంటే నమ్మకమైన వాహకులు లేరనే చెప్పాలి.

టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో పక్షులు రావడం కూడా ఊరి వార్తే. ఏటా వర్షాకాలం చివర గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్ళు కడతాయి. వాటి రాకను శుభంగా భావించి ఊరివాళ్ళే కాపాడుకుంటారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు లక్షల్లో కూలాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, దారులు మూసుకుపోయాయి. దూరాన ఉన్న కొడుకులకు, కూతుళ్ళకు అమ్మానాన్నలు బతికున్నారన్న ఒక్క మాట అందడమే కష్టమైంది.

ఉద్దానం పల్లెల్లోకి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి వచ్చాక పలకరింపుల తీరు కూడా మారింది. డయాలసిస్ వారం, మందుల ఖర్చు, తాగే నీరు మాటల్లోకి వచ్చాయి. వ్యాధి మూలకారణం ఇంకా కచ్చితంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం ఊళ్ళకు తాగునీరు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది.