తగాదా తీర్చే చదువు: నంద్యాల, ఆళ్లగడ్డ డిగ్రీ విద్యార్థుల ముందున్న దారులు

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు తగాదా వస్తే ముందు పెద్దమనుషుల దగ్గరికి వెళ్లడం పాత అలవాటు. గట్టు గొడవ, ప్రామిసరీ నోటు బాకీ, మొగుడు పెళ్లాల పంచాయితీ, ఏదైనా సరే. ముస్లిం ఇళ్లలో జమాత్ పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి సుల్హ్ చేయిస్తారు. మాట నిలబడితే మంచిదే. ఒకరు తప్పితే మాత్రం ఆ రాజీని నేరుగా కోర్టు డిక్రీలా అమలు చేయించుకోలేరు.

లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ అలా కాదు. 1987 నాటి న్యాయసేవాధికార చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు. కోర్టులో ఉన్న కేసు అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. ఇలా కోర్టు బయట చట్టబద్ధంగా తగాదా తీర్చే పద్ధతులనే ఏడీఆర్ అంటారు. ఆర్బిట్రేషన్‌లో మధ్యవర్తి తీర్పు చెప్తాడు. మీడియేషన్‌లో తీర్పు ఉండదు, ఇరుపక్షాలే ఒప్పందానికి వచ్చేలా మాట్లాడిస్తారు. ఈ తేడా తెలియకుండా కోర్సులో చేరేవాళ్లు చాలామందే ఉంటారు.

బీకాం, బీఏ చేసినవాళ్లకు మామూలు దారి ఏపీ లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరడం. డిగ్రీలో జనరల్‌కు 45 శాతం, ఓబీసీకి 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులు కావాలి. ఎల్ఎల్‌బీలో ఏడీఆర్ తప్పనిసరి పేపరు. ఆ తర్వాత ఎల్ఎల్ఎం చేయొచ్చు. లాయరు కావాలన్న ఉద్దేశం లేనివాళ్లకు హైదరాబాద్ నల్సార్ దూరవిద్యలో నడిపే ఏడీఆర్ డిప్లొమా ఉంది. పని చేసుకుంటూ చదువుకోవచ్చు.

ఇక అసలు ప్రశ్న, ఉద్యోగం. డిప్లొమా ఒక్కటే చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు, ఈ మాట ముందే తెలుసుకోవడం మంచిది. కోర్టు పంపే కేసుల్లో మీడియేటర్‌గా కూర్చోవాలంటే 40 గంటల శిక్షణ, దానికి ముందు ఏళ్ల తరబడి ప్రాక్టీసు కావాలి. అప్పుడు కూడా నెల జీతం కాదు, కేసుకింత గౌరవ వేతనం. పారాలీగల్ వాలంటీర్‌కు లా డిగ్రీ అక్కర్లేదు. అక్కడా వచ్చేది కొద్దిపాటి గౌరవ వేతనమే, కానీ జనం గొడవలు దగ్గరగా చూసి నేర్చుకునే చోటు అది.

కామర్స్ వాళ్లకు అసలు లాభం వేరే చోట ఉంది. ఆర్బిట్రేటర్‌కు లా డిగ్రీ ఉండాలని 1996 ఆర్బిట్రేషన్ చట్టంలో లేదు. చార్టర్డ్ అకౌంటెంట్లు, ఇంజనీర్లు ఆ పని చేస్తున్నారు. చిన్న పరిశ్రమ సరుకిచ్చి 45 రోజులు దాటినా డబ్బు రాకపోతే, 2006 ఎంఎస్ఎంఈ చట్టం కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. అక్కడ ముందు రాజీ ప్రయత్నం, తర్వాత ఆర్బిట్రేషన్. మన జిల్లాలో చిన్న యూనిట్ పెట్టుకున్నవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసు? లెక్కల పుస్తకం చదవగలిగి, అర్జీ రాయగలిగిన మనిషికి ఇక్కడ పని దొరుకుతుంది. బ్యాంకు రికవరీ, ఇన్సూరెన్స్ క్లెయిములు, కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల్లో కూడా ఈ చదువు ఉపయోగపడుతుంది.

పెద్ద కేసులు మాత్రం హైదరాబాద్‌లోనే. అక్కడ 2021 డిసెంబర్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం మొదలైంది. 2023లో మీడియేషన్ చట్టం వచ్చింది, కానీ అదే ఏడాది అక్టోబర్ 9న కొన్ని సెక్షన్లే అమల్లోకి వచ్చాయి. కాలనీల్లో, ఊళ్లలో శాంతిని చెడగొట్టే గొడవల కోసం ముగ్గురు సభ్యుల కమ్యూనిటీ మీడియేషన్ కూడా ఆ చట్టంలో ఉంది. ఫ్యాక్షన్ పేరు మోసిన ఆళ్లగడ్డ లాంటి చోట్ల దీనికి అవసరం ఎక్కువే.

కుటుంబ గొడవల్లో ఒక జాగ్రత్త. దెబ్బలు తిన్న ఆడమనిషిని "సర్దుకుపోమ్మా" అని ఇంటికి పంపడం మీడియేషన్ కాదు. ఇద్దరూ భయం లేకుండా ఒప్పుకుంటేనే అది రాజీ. శిక్షణలో ముందు నేర్చుకోవాల్సింది ఇదే. నంద్యాల, ఆళ్లగడ్డ కోర్టుల్లో లోక్ అదాలత్ జరిగే రోజు ఒక పూట వెళ్లి కూర్చుంటే, ఈ పని తమకు సరిపోతుందో లేదో ఫీజు కట్టకముందే తెలిసిపోతుంది.