విశ్వనాథుడి దగ్గర అప్పు

మా మామ్మ దేవుడి పీట మీద, పటాల వెనకాల, పసుపుగుడ్డ మూట ఒకటుండేది. "ఏమిటి మామ్మా అది?" అంటే, "విశ్వనాథుడి డబ్బే. ముట్టుకోకు" అనేది.

విజయనగరంలో కాపురం, తాతగారిది గుమాస్తా జీతం. మామ్మకంటూ రాబడి ఏముంటుంది చెప్పండి? విస్తళ్ళు కుట్టి అమ్మినదీ, కూరల దగ్గర బేరమాడి మిగిల్చిన కానీ అర్ధణాలూ. పోపులపెట్టెలో దాస్తే తాతగారు ఏదో అవసరానికి అడగవచ్చు. ముడుపు కట్టిన డబ్బు అడగడానికి మాత్రం ఆయనకి నోరు రాదు. ఇప్పటి రికరింగ్ డిపాజిట్టుకైనా గడువుకి ముందే తీసుకునే వీలుంది గాని, మామ్మ మూటకి లేదు!

మా ఊళ్ళో కాశీ అనగానే పూసపాటి ప్రభువుల మాట వస్తుంది. నారాయణ గజపతిగారు అప్పుల్లో పడి 1827లో జమీందారీని కుంఫిణీవారి చేతిలో పెట్టారు. 1845లో కాశీలోనే కన్నుమూశారు. కొడుకు విజయరామ గజపతిగారి చేతికి అది తిరిగి వచ్చేసరికి 1852 అయింది. అంతటివారికే అప్పు తప్పలేదు కాబోలు అనిపిస్తుంది నాకు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నించి బయల్దేరి కాశీ చూసి, మన శ్రీకాకుళం మీదుగా ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటింది. 1890లలో మా వైపు రైలు పడ్డాక రోజులు తగ్గాయి. ఖర్చు తగ్గిందా అంటే, తిరిగొచ్చి చేసే కాశీ సమారాధన ఒకటుంది కదా! రైలు టిక్కెట్టు కంటే ఆ భోజనాలకే మామ్మ ఎక్కువ కూడబెట్టిందట.

మా వైపు బీదవాళ్ళకి దూరమంటే కాశీ కాదు, రంగం. రంగూన్‌కి మావాళ్ళ పేరది. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడ ఎక్కేవారు. వాళ్ళకి ముడుపెక్కడిది? మేస్త్రీ బయానా ఇచ్చి, ఓడ చార్జీ పెట్టి, అక్కడి కూలిలో కోసుకునేవాడు. మాకు కూరలు తెచ్చే ఆవిడ పెనిమిటి అలాగే వెళ్ళాడు. "మేస్త్రీ బాకీ తీరీసరికే మూడేళ్ళయిపోనాది తల్లీ" అనేది. ప్రయాణం ముందు జరిగిపోతుంది, పొదుపు తరవాత మొదలవుతుంది. అదీ తన చేతిలో కాదు, మేస్త్రీ చిట్టాలో.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. వేలాదిమంది మనవాళ్ళు కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు. దారిలో పోయినవాళ్ళెందరో! ఆ పెనిమిటి 1942లో ఎముకలగూడై, చలిజ్వరంతో ఇల్లు చేరాడు.

నేను పుట్టకముందు సంగతిది, అమ్మ చెప్పింది. మామ్మ ఆవేళ ముడుపు విప్పి పది రూపాయలు తీసి ఆవిడ చేతిలో పెట్టిందట. తాతగారు తెల్లబోతే, "విశ్వనాథుడి దగ్గర అప్పు తీసుకున్నాను. వడ్డీతో తీరుస్తాను" అందట. నిజంగానే నెలనెలా వడ్డీ లెక్కగట్టి మూటలో వేసింది. ఆవిడని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

1955లో మామ్మ కాశీ వెళ్ళొచ్చింది. కాశీదారాలు పంచింది, సమారాధన చేసింది, ఎవరికీ బాకీ లేదు. మర్నాడు చూద్దును కదా, పాత గుడ్డే ఉతికి పసుపు రాసి, ఒక అణా వేసి ముడేస్తోంది.

"మళ్ళీ ఎవరికి మామ్మా?"

గంగచెంబు వైపు చూపించింది. "దీన్ని రామేశ్వరం తీసుకెళ్ళొద్దుటే?"