సూరతు సంపదయు కపూచిన్ భిక్షువులును

తాపీనది యొడ్డునగల సూరతు నగరమునకు ఆగ్నేయమున నవాగామ్ అను పేట కలదు. పేరునకు అది 'క్రొత్త ఊరు'. ఒకప్పుడు పొలముల నడుమ వేరుగానుండిన గ్రామము నేడు నగరములో కలిసిపోయినది. ఆ ప్రాంతమంతయు మరమగ్గముల మీద బ్రతుకుచున్నది. దానికి చేరువనున్న లింబాయతు మొదలగు పేటలలో కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములు వేలకొలది కాపురముండుటచే, తెలుగు పలుకు ఆ వీథులకు పరాయిది కాదు. బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చినవారికి సూరతు పేరు చెప్పగనే మదిలో మెదలునది కూలి, బేరము, మిగులు. నాలుగువందల యేండ్ల క్రిందటను అంతే. ధనము మాట తలపక సూరతులో కాలుపెట్టినవారు అరుదు. అట్టి పట్టణములో, ధనమును కాక దైవమును నమ్ముడను క్రైస్తవ బోధ ఎవరి చేతులలో నిలిచినది, ఎవరి చేతులలో జారినది అను ప్రశ్నకు నగరచరిత్ర యొక విచిత్రమైన సమాధానము నిచ్చుచున్నది.

పదునేడవ శతాబ్దమున మొగలు సామ్రాజ్యమునకు సూరతు ప్రధానమైన రేవు. మక్కా యాత్రికులు ఇచ్చటనే ఓడ లెక్కుచుండిరి. తాపీనది మేటవేయుటచే పెద్దయోడలు పట్టణమువరకు రాలేక సువాలీ తీరమున లంగరు దించుచుండెను. ఇంగ్లీషువారు 1613లో ఇచ్చట వర్తకశాలను నెలకొల్పిరి. డచ్చివారు వారి వెనుకనే వచ్చిరి. నూలుబట్ట, నీలిమందు, మిరియాలు, పగడము, వెండి, వీని రాకపోకలతో నగరము నిండియుండెను. అయినను ఈ విదేశీయు లెవరును నగరమున మొదటి ధనికులు కారు. ఆ స్థానము వీర్జీ వోరా అను జైన వర్తకునిది. ఆగ్రా, బుర్హాన్‌పూరు, గోలకొండ మొదలుకొని మలబారు వరకు ఆయన గుమాస్తాలుండిరి. రేవునకు వచ్చిన మిరియాలను మొత్తముగా కొని, తాను చెప్పినదే ధరగా నమ్మించుచుండెను. ఇంగ్లీషు కంపెనీవారు ఆయనను తమ లేఖలలో ఎంత నిందించినను, సొమ్ము కావలసివచ్చినపుడెల్ల ఆయన గడపయే తొక్కిరి. ఆయన ఆస్తి ఎనుబది లక్షల రూపాయలని ఆనాటివారి అంచనా.

క్రీస్తు బోధలలో ధనమును గూర్చిన మాటలు మిక్కిలి కఠినములు. పంట సమృద్ధిగా పండినదని కొట్లు పడగొట్టి మరింత పెద్దకొట్లు కట్టదలచి, ఆ రాత్రియే ప్రాణము విడిచిన ధనవంతుని కథ వానిలో నొకటి. ఆజ్ఞలన్నియు పాటించియు, ఉన్నదంతయు అమ్మి పేదల కిమ్మనగనే దిగులుపడి తిరిగిపోయిన యువకుని కథ మరియొకటి. విత్తని, కోయని పక్షులను చూపి రేపటి చింత మానుమని ఆయన శిష్యులకు చెప్పెను. ఒక సేవకుడు ఇద్దరు యజమానులను కొలువలేడని చెప్పిన తావున, ఆ రెండవ యజమానికి మూలములో 'మామోను' అను అరమాయికు పదము కలదు. తెలుగు బైబిలున దానికి 'సిరి' అని యున్నది. సిరి అనగా మన యింట వెలుగు. లక్ష్మి పేరే అది. కావున ఆ వాక్యము తెలుగువాని చెవికి ఒకింత కటువుగా తగులును. ఇచ్చట నిషిద్ధమైనది కలిమి కాదనియు, కలిమికి దాసుడగుటయే యనియు వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఇది నిజమే కాని, ఈ వ్యాఖ్య ధనికులకు ఎల్లప్పుడును కొంత అనుకూలముగ నుండుటయు నిజమే.

ఈ బోధను సూరతునకు తెచ్చినవారు రెండు విధములవారు. మొదటివారు ఇంగ్లీషు కంపెనీ పోషణలోని మతగురువులు. వారిలో విద్వాంసులు లేకపోలేదు. హెన్రీ లార్డు అనునతడు సూరతు వర్తకుల మతమును, పారసీకుల మతమును అడిగి తెలిసికొని 1630లో గ్రంథము ప్రకటించెను. ఓవింగ్టను సూరతు యాత్రను గూర్చి వ్రాసిన గ్రంథము 1696లో వెలువడినది. కాని వీరి శ్రోతలు కంపెనీ ఉద్యోగులు. వారికి జీతము స్వల్పము, సొంత వ్యాపారము అపారము. వర్తకశాలలో ప్రార్థనయు జరుగుచుండెను, లెక్కయు జరుగుచుండెను. మొదటిది రెండవదానిని ఆపిన దాఖలా లేదు.

రెండవవారు కపూచిన్ సన్న్యాసులు. అసీసీ పుర వాస్తవ్యుడైన ఫ్రాన్సిసు స్థాపించిన భిక్షు సంప్రదాయములో పదునారవ శతాబ్దమున ఇటలీలో ఏర్పడిన శాఖ యిది. మొదటి ఫ్రాన్సిసు బట్టలవర్తకుని కుమారుడు. తండ్రి దుకాణములోని బట్ట నమ్మి ఆ సొమ్ము పాడుపడిన గుడికి ఇయ్యబోగా తండ్రి బిషప్పు నెదుట ఫిర్యాదు చేసెను. కుమారుడు ఒంటిమీది వస్త్రములను సయితము విప్పి తండ్రికి ఇచ్చివేసెను. బట్టలతో బలిసిన సూరతునకు ఈ కథ వినిపించుటకు వేరు వ్యాఖ్య అక్కరలేదు. అతని అనుయాయులు ముతక గోధుమరంగు అంగీ తొడిగి, నడుమునకు ముళ్లువేసిన త్రాడు కట్టి, గడ్డము పెంచి, ధనము చేత ముట్టరాదను నియమముతో తిరుగుచుండిరి. వీరిలో ఫ్రెంచివారు కొందరు పదునేడవ శతాబ్దపు నడుమ సూరతున మఠ మేర్పరచుకొనిరి. ఆ మఠమునకు పెద్ద ఫాదర్ ఆంబ్రోజ్.

వీరి నడవడి ఎట్టిదో తెలుపు ముచ్చట యొకటి తెలుగుదేశమునకు సంబంధించినది. ఇదే శాఖకు చెందిన ఫాదర్ ఎఫ్రాయిము పెగూ దేశమునకు పోవుచు గోలకొండ చేరెను. సుల్తాను పెద్దకుమార్తెను వివాహమాడిన ప్రభువు అతనియందు ఆదరము వహించి, భాగ్యనగరముననే నిలిచినచో సొంత ఖర్చుతో ఇల్లును, గుడియును కట్టించి యిచ్చెదననెను. సన్న్యాసి అంగీకరింపలేదు. తుదకు ఆ ప్రభువు ఒక యెద్దును, తోడుగా ఇద్దరు మనుష్యులను ఇచ్చి మచిలీపట్నమునకు పంపెనని టావెర్నియే అను వజ్రాల వర్తకుడు వ్రాసెను. పెగూ ప్రయాణము సాగలేదు. ఎఫ్రాయిము 1642లో మద్రాసు చేరి, ఇంగ్లీషువారి కోరికపై అచ్చటనే నిలిచిపోయెను. గోలకొండలో ఇల్లు వలదన్న వానికి మద్రాసులో ఇల్లు దొరకినదని నవ్వుకొనవచ్చును. కాని ఒకటి రాజాశ్రయము, రెండవది దిక్కులేని కొందరి పిలుపు. ఈ భేదమును ఆ కాలపువారు గుర్తించిరి.

ఇక సూరతున పరీక్షాదినములు వచ్చినవి. 1664 జనవరి 6వ తేదీన శివాజీ దాదాపు నాలుగువేల గుఱ్ఱపుదళముతో నగర ద్వారమున నిలిచెను. నగరాధికారి ఇనాయత్ ఖాన్ కోటలో దాగుకొనెను. ధనికులు కొందరు కోటకాపరికి లంచమిచ్చి లోపల చోటు సంపాదించుకొనిరి. తమ యిల్లు, కొట్లు, పెట్టెలు మాత్రము కోటలోనికి పట్టలేదు. పేదలు దొరకిన దారిని నది దాటిరి. నాలుగుదినములు దోపిడియు, దహనమును సాగెను. వీర్జీ వోరా భవనము త్రవ్వబడి కాల్చబడెను. అందుండి బంగారము, ముత్యములు పీపాలకొలది పోయినవని డచ్చివారు వ్రాసికొనిరి. హాజీ సయ్యద్ బేగ్ అను మరియొక కోటీశ్వరుడు తన సౌధమును విడిచి పరుగెత్తగా, దోపిడికాండ్రు రాత్రి తెల్లవార్లు పెట్టెలు పగులగొట్టిరి. ప్రక్కనున్న ఇంగ్లీషువారు తమ గోడకు అపాయమని తలచి వారిని తరిమివేసిరి కాని లేనిచో ఏమియు మిగిలియుండదు. ఇంగ్లీషు అధ్యక్షుడు జార్జి ఆక్సెండను సుమారు రెండువందలమందిని కూర్చుకొని బాకాలు, తప్పెటలు మ్రోయించుచు వీథిలో నడచి, వర్తకశాలను ఫిరంగులతో కాపాడుకొనెను.

ఈ కల్లోలమున కపూచిన్ మఠము చెక్కుచెదరలేదు. దీనిని గూర్చి ఇద్దరు ఫ్రెంచి యాత్రికులు వ్రాసిరి. మొగలు దర్బారున వైద్యుడుగా నుండిన బెర్నియే, ఫిరంగి పాదిరీలు మంచివారు, వారి జోలికి పోరాదని శివాజీ ఆజ్ఞాపించెనని చెప్పెను. అంతటితో ఆగక, డచ్చివారి దలాలీగానుండి మరణించిన యొక హిందూ వర్తకుని ఇల్లును శివాజీ విడిచిపెట్టెననియు, ఆ వర్తకుడు బ్రతికియుండగా గొప్పదాతయని విన్నందున అట్లు చేసెననియు వ్రాసెను. ఈతడు మోహనదాస్ పారేఖ్ అని చరిత్రకారుల నిర్ణయము. ఇంగ్లీషు, డచ్చివారి యిండ్లు మిగులుటకు భక్తిగౌరవములు కారణము కావనియు, వారి తెగువయే కారణమనియు బెర్నియే దాపరికము లేక చెప్పెను. ఇదే పుటలో, ఔరంగజేబునకు అమ్మదలచి వెలలేని కెంపులు తెచ్చిన కాన్‌స్టాంటినోపిలు యూదునొకనిని మూడుమారులు మోకరింపజేసి తలమీద కత్తి యెత్తినను, ఆతడు కెంపుల జాడ చెప్పలేదను కథయు కలదు. ఆ మొండితనమును జాతి స్వభావమునకు అంటగట్టుట బెర్నియే మనసులోని మకిలి. కత్తి క్రింద నిలిచి సొమ్ము దాచుకొనినవారు ఆ నాలుగుదినములలో అన్ని జాతులలోను ఉండియుందురు.

రెండవ యాత్రికుడు థెవెనో. ఆతడు దోపిడి జరిగిన రెండేండ్లకు, 1666లో సూరతునకు వచ్చెను. ఆతని కథనము వేరు. నగరములోని పేద క్రైస్తవుల స్థితికి జాలినొంది ఆంబ్రోజ్ తానే శివాజీ విడిదికి పోయి, వారి శరీరములకైనను హాని కలుగనీయవలదని వేడుకొనెననియు, శివాజీ ఆతనిని ఆదరించి ఆ కోరికను మన్నించెననియు థెవెనో చెప్పెను. బెర్నియే మాటలో సన్న్యాసికి మంచిపేరు రక్ష. థెవెనో మాటలో ఆతడు తలుపు తెరచుకొని బయటకు నడచినవాడు. ఇద్దరును కన్నులార చూచినవారు కారు. అయినను రెండవ కథయే విలువైనదిగ తోచును. ఏలయన, దోచుకొనుటకు ఏమియులేని మఠము మిగులుటలో ఆశ్చర్య మంతగా లేదు. నగరాధిపతి కోటతలుపు బిగించుకొనిన వేళ, కాపాడుకొనుటకు పెట్టెలేని మనుజుడొక్కడు ఇతరులకొరకు దండువిడిదికి పోగలుగుట వేరు సంగతి. పక్షులను చూడుమన్న బోధకు సూరతున దొరకిన భాష్యము ఇదియే.

దీనిని కేవలము క్రైస్తవ విజయముగా చెప్పుకొనుట సరికాదు. భిక్షువు బ్రతుకుటకు దాత కావలెను. ఆంబ్రోజ్ మఠమునకు అన్నము పెట్టినది వర్తకుల సొమ్మే. 1668లో ఫ్రెంచి కంపెనీ సూరతున దిగిన పిదప ఆ సన్న్యాసులు కొంతవరకు ఫ్రెంచివారి మనుష్యులుగ లెక్కకు వచ్చిరి. మరియు అపరిగ్రహము సూరతునకు విదేశముననుండి రావలసిన వస్తువు కాదు. వీర్జీ వోరా కుమార్తె కొడుకైన లవజీ తాతగారి సిరిని విడిచి ముని యయ్యెననియు, స్థానకవాసి సంప్రదాయమునకు ఆద్యులలో నొకడయ్యెననియు జైనులు చెప్పుకొందురు. అది దోపిడికి పదేండ్ల ముందటి మాట. ఎనుబది లక్షల ఇంటిలో పుట్టిన బాలుడు భిక్షాపాత్ర పట్టినాడు; ఆ లక్షలు కొల్లపోకముందే పట్టినాడు. ఆంబ్రోజ్‌కును, లవజీకిని ముఖపరిచయముండెనో లేదో గాని, ఒకే నగరపు వీథులలో ఇద్దరును పరుల చేతి అన్నము తిన్నవారే.

ఇందుకు భిన్నముగా కతార్‌గామ్ ద్వారము చెంతనున్న ఇంగ్లీషు శ్మశానము యాత్రికుని ఆశ్చర్యపరచును. 1659లో మరణించిన క్రిష్టఫరు ఆక్సెండనునకును, 1669లో మరణించిన జార్జి ఆక్సెండనునకును అచ్చట గుమ్మటములతో సమాధులు లేచినవి. అవి మొగలు అమీరుల గోరీలతో పోటీపడును. 1691లో మరణించిన డచ్చి అధికారి వాన్ రీడ్‌నకు తమవా రింకను ఘనమైన సమాధి కట్టించిరి. మలబారు మొక్కలను గూర్చి మహాగ్రంథము వెలయించిన ఆ పండితునికి ఆ రాళ్లకంటె ఆ గ్రంథమే మేలైన స్మారకము. భూమిమీద ధనము కూర్చుకొనవలదన్న గ్రంథమును చదివి పాతిపెట్టిన దేహములమీద ఇంత సున్నము, ఇంత రాయి ఎందుకని ప్రశ్నించిన కంపెనీ మతగురువు ఒక్కడును కనబడడు.

కడకు సువార్త గుజరాతీ భాషలో సామాన్యుల చేతికి అందుటకు మరి నూటయేబదియేండ్లు పట్టినది. 1815లో లండన్ మిషనరీ సంఘమువారు స్కిన్నరు, ఫైవీ యనువారిని సూరతునకు పంపగా, వారు భాష నేర్చి అనువాదమును సాగించి, అచ్చుకూటమును పెట్టిరి. తెలుగు క్రొత్తనిబంధన శ్రీరాంపురమున అచ్చయిన 1818 నాటికి వారి పని నడుచుచుండెను.

1664 తరువాత వర్తకుల మొఱ విని ఔరంగజేబు ఒక యేడు సుంకమును విడిచిపెట్టి, నగరము చుట్టును ఇటుకగోడ కట్టుమనెను. 1670 అక్టోబరులో శివాజీ మరల వచ్చినపుడు ఆ గోడ అతని నాపలేదు. వీర్జీ వోరా పేరు ఆ యేటి పిమ్మట కంపెనీ లెక్కలలో కానరాదు. ఇప్పుడు గోడయు లేదు. ఢిల్లీ దర్వాజా, సహరా దర్వాజా, కతార్‌గామ్ దర్వాజా అను పేర్లు మాత్రము కూడళ్లకు మిగిలినవి. నవాగామ్ ఆ గోడకు చాలదూరము వెలుపలిది. కాపాడవలసిన సొత్తు అచ్చట నున్నదని ఆ గోడ గీత గీసినవారు తలచియుండరు.