వంశంలో ఉన్నదా? వృత్తిలో ఉన్నదా?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. పెనుకొండ కోట గురించీ, లేపాక్షి గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు. నేను చేనేత శాఖలో సర్వీసంతా గడిపినవాణ్ణి కనుక రంగుల గురించి రాస్తానన్నాను. రాయడానికి కూర్చుంటే రంగుల చరిత్ర కాస్తా ఒక జబ్బు చరిత్రలోకి దారి తీసింది. ఆ జబ్బు మూత్రాశయ క్యాన్సర్. ఎక్కువగా అరవై దాటిన మగవాళ్ళకు వస్తుంది. మన సభ్యుల్లో ఆ కోవకు చెందనివారు ఎందరున్నారో మీరే లెక్క చూసుకోండి.

నా ఉద్యోగం చాలాకాలం ధర్మవరంలో సాగింది. అప్పట్లో అది అనంతపురం జిల్లా. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ధర్మవరం చీర అనగానే అందరికీ మగ్గమూ, జరీ అంచూ కళ్ళకు కడతాయి. మగ్గం ఎక్కే ముందు పట్టుదారాన్ని సబ్బూ సోడా వేసి ఉడికించి జిగురు తీయాలి. ఆ తర్వాత కాగుతున్న రంగునీళ్ళలో ముంచి కర్రలతో తిప్పుతూ ఉండాలి. రంగు వేసేవారి చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. పండగకు తలంటుకున్నా ఆ రంగు పోయేది కాదు. రంగు డబ్బాల మీద పేరూ, నంబరూ తప్ప లోపల ఉన్నదేమిటో నాకెక్కడా కనబడలేదు.

పూర్వం మనవాళ్ళు వాడిన రంగులు చెట్లవీ వేళ్ళవీ. నీలిమందు ఆకు నుంచి నీలం, చిరివేరు నుంచి ఎరుపు. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ అనే కుర్రవాడు మలేరియాకు క్వినైన్ తయారు చేయబోయి, తారు నుంచి ఊదారంగు తీశాడు. మందు చేయబోతే రంగు వచ్చింది. నలభై ఏళ్ళలోపే జర్మనీ కర్మాగారాలు ప్రపంచమంతటికీ రంగులు పంపసాగాయి, ఆ తర్వాత మన నీలిమందు పైరు మూలపడింది. ఆ నష్టం గురించి మన పుస్తకాల్లో చాలానే ఉంది. కర్మాగారంలో పనిచేసినవాడి ఒంటికి జరిగిన నష్టం గురించి మాత్రం పెద్దగా కనబడదు.

దాన్ని మొదట పట్టుకున్నది ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు. ఫుక్సిన్ అనే గులాబీ ఎరుపు రంగు తయారు చేసే ఒకచోట 45 మంది కూలీల్లో ముగ్గురికి మూత్రాశయంలో కంతులున్నాయని 1895లో ఆయన ప్రకటించాడు. అంత అరుదైన జబ్బు అంత చిన్న గుంపులో ముగ్గురికి రావడం కాకతాళీయం కాదని ఆయన వాదన. మరుసటి ఏడాది కొట్టుకుంటున్న గుండెకు కుట్టు వేసి మనిషిని బతికించినవాడూ ఈయనే. లోకం ఆ గుండెను గుర్తు పెట్టుకుంది, ఈ ముగ్గురు కూలీలను మరిచిపోయింది.

నిజం బయటపడిన తర్వాత కూడా ఆజ్ఞలు రావడానికి తరాలు పట్టింది. బ్రిటన్‌లో రంగు కర్మాగారాల కార్మికుల మరణాలను లెక్కగట్టి రాబర్ట్ కేస్ బృందం 1954లో నివేదిక ఇచ్చింది. నాఫ్తలమైన్, బెంజిడీన్ తగిలే పనిలో ఉన్నవారికి ఈ క్యాన్సర్ ఎన్నో రెట్లు ఎక్కువని అందులో తేలింది. అక్కడ నిషేధ చట్టం 1967లో వచ్చింది. మన దేశంలో బెంజిడీన్ రంగులతో కలిపి మొత్తం 112 రంగుల మీద నిషేధం 1997 నాటికి పూర్తయింది. రేన్ చెప్పిన నాటి నుంచి లెక్కిస్తే నూటరెండేళ్ళు. ఆఫీసుల్లో ఫైలు కదలదని మనల్ని ఆడిపోసుకునేవారు ఈ లెక్క కూడా చూడాలి.

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఒకే కొట్టంలో, ఒకే తొట్టి దగ్గర పనిచేసిన ఇద్దరిలో ఒకరికి జబ్బు వచ్చి, రెండోవారికి ఎందుకు రాలేదు? తలరాత అని ఊరుకోకుండా దీన్ని పట్టుకున్నవారికి మొదటి జాడ క్షయ మందు దగ్గర దొరికింది. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చాక, దాన్ని కొందరి శరీరం త్వరగా విరిచేస్తుందనీ, కొందరిది నెమ్మదిగా విరుస్తుందనీ గమనించారు. మద్రాసు క్షయ పరిశోధన కేంద్రంలోనూ దీని మీద పని జరిగింది. ఈ నెమ్మది పుట్టుకతో తల్లిదండ్రుల నుంచి వచ్చేది. రంగు విషాలను విరిచే పనిలోనూ కాలేయానికి అదే సాధనం. 1982లో ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో, రంగు పరిశ్రమలో పనిచేసి మూత్రాశయ క్యాన్సర్ వచ్చిన 23 మందిని పరీక్షిస్తే 22 మంది నెమ్మది రకం వారే.

విషం విరగకుండా మిగిలితే ఏమవుతుంది? మూత్రంలో చేరి, మూత్రాశయం గోడలో గంటల తరబడి నానుతుంది, అక్కడి కణాల్లో డి.ఎన్.ఎ. పోగును తెంపుతుంది. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు ఆగి అతుకుతాడు. అతకకుండా నేసుకుంటూ పోతే బట్ట నిండా తప్పే. మన ప్రతి కణంలోనూ అలా అతికే పనివాళ్ళున్నారు. ఆ పనివాళ్ళు లేకుండా పుట్టే బిడ్డలున్నారని 1968లో జేమ్స్ క్లీవర్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. వాళ్ళు ఎండలోకి వస్తే చర్మం కాలి, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ వస్తుంది. మన అనంతపురం ఎండలో అటువంటి బిడ్డను పెంచే తల్లిని తలుచుకుంటేనే గుండె చెరువవుతుంది. ఈ అతుకు పని ఎలా జరుగుతుందో తేల్చినందుకు లిండాల్, మోడ్రిచ్, సంజార్ అనే ముగ్గురికి 2015లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆ బిడ్డల్లో పూర్తిగా చెడిన జన్యువులే మనలో చాలామందిలో చిన్నచిన్న తేడాలతో ఉంటాయి. ఎక్స్.పి.సి., ఎక్స్.పి.డి. అని వాటి పేర్లు. పనివాడు ఉన్నాడు, కాస్త చేయి మెల్లన, అంతే. దేశదేశాల రోగుల లెక్కలు కలిపి 2009లో చూస్తే, ఇటువంటి ఒక్కో తేడా వల్ల మూత్రాశయ క్యాన్సర్ ప్రమాదం పెరిగింది నూటికి పది చొప్పున. పొగ తాగితే పెరిగేది మూడు నాలుగు రెట్లు. రెండింటికీ పోలిక ఎక్కడ? స్పెయిన్ దేశపు లెక్క 2005లో వచ్చింది, నాకు అన్నిటికన్నా గట్టిగా తోచినది అదే. ఇందాక చెప్పిన నెమ్మది రకం మనుషుల్లో సిగరెట్టు తాగేవారికి ప్రమాదం పెరిగింది. జన్మలో తాగనివారికి పెరగలేదు. చెయ్యి మెల్లన ఉన్న పనివాడి దగ్గరికి తెగిన పోగులే రాకపోతే ఆ లోపం బయటపడేదెప్పుడు?

నిజంగా వంశాన్ని పట్టి వచ్చేది లేకపోలేదు. రేన్ తన ముగ్గురు కూలీల సంగతి చెప్పిన ఆ 1895లోనే, అమెరికాలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే వైద్యుడితో ఆయన ఇంటి కుట్టుపని మనిషి, ‘మా ఇంట్లో అందరూ క్యాన్సర్‌తోనే పోతారు, నేనూ అలాగే పోతాను’ అందట. అలాగే పోయింది. ఆయన ఆ కుటుంబపు వంశవృక్షం గీసి 1913లో ప్రచురించాడు. తర్వాత హెన్రీ లించ్ అటువంటి కుటుంబాలను ఎన్నిటినో వెతికి పట్టుకున్నాడు, జబ్బుకు ఆయన పేరే వచ్చింది. ఇదీ అతుకు జన్యువు చెడడమే. పేగు, గర్భాశయ క్యాన్సర్లు ఎక్కువ. మూత్రనాళం, మూత్రాశయం కూడా తప్పించుకోవు. ఒకే ఇంట్లో యాభై ఏళ్ళలోపు ఇద్దరు ముగ్గురికి ఇలాంటివి వస్తే పెద్దాసుపత్రిలో ఆ కుటుంబ చరిత్ర చెప్పి తీరాలి. అటువంటి ఇళ్ళు తక్కువ.

ఈ తేడా తెలియక ఏమవుతుందో ధర్మవరంలో చూశాను. రంగు వేసే అన్నదమ్ములిద్దరు ఇదే జబ్బుతో ఆరేడేళ్ళ తేడాలో పోయారు. కొన్నాళ్ళకు పెద్దాయన మనవరాలికి హిందూపురం నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి మేనమామ నాకు తెలిసినవాడే. ‘వాళ్ళ వంశంలోనే ఉండాదంట కదా సార్, ఎట్ల ఇచ్చి పుచ్చుకునేది?’ అని అడిగాడు. నేను మూడో తమ్ముడి సంగతి గుర్తు చేశాను. ఆయన కదిరి దగ్గర బడిపంతులుగా చేసి, ఎనభై దాటి, పొద్దున్నే వాకింగుకు పోతున్నాడు. రక్తం ఒకటే. ఆయన తొట్టిలో చెయ్యి పెట్టలేదు, బీడీ ముట్టలేదు. పోయిన ఇద్దరూ రెండూ చేశారు. ఒక్క ఇంటిని చూసి శాస్త్రం చెప్పకూడదని నాకూ తెలుసు, కానీ ఆ ఇద్దరి జబ్బూ వంశానికి అంటగట్టడానికి అంతకన్నా తక్కువ ఆధారం ఉంది. సంబంధం కుదిరింది. నా మాట వల్ల అనుకునేరు, జాతకాలు కలిశాయట!

మన నీళ్ళ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే గడ్డ మనది, బోర్లలో ఫ్లోరైడు ఉంది. అది పళ్ళనూ ఎముకలనూ తినేస్తుంది, ఈ క్యాన్సర్‌ను దాని మీద మోపడానికి ఆధారం లేదు. చిలీ దేశపు ఎడారిలో ఆంటోఫగాస్టా పట్టణం కథ వేరు. నీటి కొరతతో 1958లో ఒక నది నీళ్ళు తెచ్చుకున్నారు, అందులో ఆర్సెనిక్ ఉంది. 1970లో శుద్ధి కేంద్రం పెట్టారు. అయినా మూత్రాశయ క్యాన్సర్ మరణాలు దశాబ్దాల తర్వాత కూడా తగ్గలేదు. ఆర్సెనిక్ ఆ అతుకు పనివాళ్ళ చేతులే కట్టేస్తుంది మరి. నీళ్ళు బాగా తాగేవారికి ఈ జబ్బు తక్కువని అమెరికాలో దాదాపు 48 వేల మంది మగవాళ్ళను పదేళ్ళు చూసి 1999లో చెప్పారు. తర్వాతి లెక్కలన్నీ దానితో ఏకీభవించలేదు. ఎండన తిరిగే మనం నీళ్ళు తాగడానికి ఆ తీర్పు కోసం ఆగనక్కర్లేదు.

అసలు చెప్పవలసింది ఇది. నొప్పి లేకుండా ఒక్కసారి మూత్రంలో రక్తం పడినా, ‘వేడి చేసింది’ అని బార్లీ నీళ్ళతో సరిపెట్టకండి. రెండోసారి పడలేదు కదా అని ఊరుకోకండి. తొట్టి దగ్గర పనికీ, జబ్బుకూ మధ్య ఇరవై ముప్పై ఏళ్ళు గడవవచ్చు. పని ఎప్పుడో మానేశాం కదా అన్నది కుదరదు. మూత్ర పరీక్ష, అవసరమైతే గొట్టంతో లోపల చూసే పరీక్ష చేయించాలి. పైపొరలో ఉండగా దొరికితే గొట్టంతోనే తీసేస్తారు.

ముదిరినదానికి మందులున్నాయి, వాటిలో మనవాడి చేయి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థలో తన బృందంతో తయారు చేయించిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆయన పుట్టిందీ 1895లోనే. 1948లో పోయాడు. 1985లో న్యూయార్క్ వైద్యులు మూత్రాశయ క్యాన్సర్‌కు నాలుగు మందులు కలిపి ఇచ్చే పద్ధతి ప్రకటిస్తే అందులో మొదటి పేరు ఆ మందుదే. నాలుగోది సిస్‌ప్లాటిన్, క్యాన్సర్ కణంలో డి.ఎన్.ఎ. పోగులను ముడివేసి చంపేది. కంతిలోనే ఎక్స్.పి.డి. జన్యువు చెడిపోయి ఉంటే ఆ ముడిని కణం విప్పుకోలేదు, అందువల్ల అటువంటి రోగులకు ఆ మందు మరింత బాగా పట్టిందని 2014లో అమెరికాలో గమనించారు.